నాలుగు వేళ్ల నేత

ఉమ మగ్గం దగ్గర కూర్చోనంది.

ఆ మాట ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. జ్వరంతో కూర్చున్నవాళ్లున్నారు. పురిటికి వారం ముందు వరకు కూర్చున్నవాళ్లున్నారు. పెంటయ్య అయితే తండ్రి దినాలు అయిన మర్నాడే కూర్చున్నాడు. కూర్చోను అని నోరు తెరిచి చెప్పింది మాత్రం ఇరవై ఆరేళ్ల ఈ పిల్ల ఒక్కతే.

"రేపొక్క పూట," అన్నాడు పెంటయ్య. "పది గంటలకు వస్తరు, పన్నెండింటికి పోతరు."

"పోయినసారి గూడ ఒక్క పూటనే అన్నవ్ నాయినా."

 మూడు నెలల కిందట కూర్చున్న ఆ ఒక్క పూటకు ఉమ పదిహేడు రోజులు మంచం దిగలేదు. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేపలేకపోయింది. అన్నం ముద్దలు విజయమ్మ కలిపి కూతురి నోట్లో పెట్టింది. అదంతా పెంటయ్య కళ్లారా చూశాడు. చూసి కూడా ఇప్పుడు మళ్లీ కూర్చోమంటున్నాడంటే, రేపు వనపర్తి నుంచి గోవిందు వస్తున్నాడు గనక.

గోవిందు కూతురు రేణుకను పెంటయ్య కొడుకు రంజిత్‌కు అనుకుంటున్నారు. పిల్లలిద్దరికీ ఇష్టమే. ఇక పెద్దవాళ్లు ఇల్లు చూసుకోవాలి. మగ్గం పనివాళ్లు ఇల్లు చూడటానికి వస్తే గోడలు చూడరు, గోడ గడియారం చూడరు. నేరుగా మగ్గం దగ్గరికి పోతారు. మగ్గం ఆడుతోందా, ఎవరు కూర్చున్నారు, చెయ్యి ఎట్లా ఉంది, అదే చూస్తారు.

గద్వాల చీరకు ఇద్దరు మనుషులు కావాలి. నూలు చీరకు పట్టు అంచును పోగు పోగుకూ చేత్తో మెలేసి కలపాలి. పెంటయ్య నడుమ కూర్చుంటే, అంచు దగ్గర పక్కన ఇంకొకరు కూర్చోవాలి. ఏడేళ్లు ఆ చోటు ఉమది. రెండేళ్లుగా పక్కింటి మాసయ్య వచ్చి కూర్చుంటున్నాడు. పెంటయ్య బిడ్డ మంచంలోనే ఉంటుందట అన్న మాట పెబ్బేరు దాటి వనపర్తికి కూడా చేరింది. అందుకే రేపు ఆ చోటులో ఉమే కనబడాలని పెంటయ్య పట్టు.

"అన్నతోటి అరగంట కూసుంటవ్. నాతోటి రెండు గంటలు కూసోలేవా?"

"అరగంటకు లేస్త గనుకనే మల్ల తెల్లారి కూసుంట," అంది ఉమ.

ఆ అరగంట సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. వెనక గదిలో పాత మగ్గం ఒకటుంది. రంజిత్ పొద్దున మొబైల్ దుకాణానికి పోయేముందు చెల్లెలి పక్కన కూర్చుంటాడు. గడియారం చూసి అరగంట కాగానే ఉమ లేచిపోతుంది. ఇంకో పది పోగులు వేయాలని చెయ్యి లాగుతున్నా లేచిపోతుంది. ఒంట్లో ఓపిక ఉండగానే పని ఆపడం ఎంత కష్టమో పనిచేసే చేతులకే తెలుసు. పెంటయ్య దాన్ని పిల్లలాట అంటాడు, ఆ గదిలోకి తొంగి కూడా చూడడు.

పెంటయ్య చెడ్డవాడు కాడు. కూతుర్ని ఎన్ని దవాఖానలు తిప్పాడో లెక్కలేదు. రెండేళ్ల కిందట డెంగీ జ్వరం వచ్చింది, తగ్గింది. జ్వరంతోపాటు పోవాల్సిన నీరసం మాత్రం పోలేదు. ఎక్కడ పరీక్ష చేయించినా అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అన్నీ బాగుంటే పిల్ల ఎందుకు లేవదు? ఒక డాక్టరు మనసుకు పని పెట్టమన్నాడు, ఒకాయన పెళ్లి చేయమన్నాడు. చివరికి వనపర్తిలో ఒక డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టి విన్నది. విని, దీనికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరుందని, బద్ధకానికీ దీనికీ సంబంధం లేదని, అలసట రాకముందే ఆగడం నేర్చుకోవాలని చెప్పింది. ఆ రోజు ఉమ బస్సులో గద్వాల వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. రోగం ఉందని చెప్పినందుకు అంత సంతోషపడిన మనిషిని రంజిత్ ఎన్నడూ చూడలేదు.

ఆ డాక్టరమ్మే ఒక కాగితం తీసి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి నీరసం ఉండేదా అని అడిగింది. ఆమె మాట పూర్తి కాకముందే పెంటయ్య, "మా రక్తంల అసుంటిది లేదమ్మా," అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్నాడు. ఎందుకట్లా అన్నాడో ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

ఈ శనివారం మధ్యాహ్నం తట్టింది.

తండ్రీకూతుళ్ల మధ్య మాట ఆగిపోయింది. ఆ మౌనం భరించలేక విజయమ్మ పెట్టె తెరిచింది. వచ్చేవాళ్ల ముందు పరవడానికి పాత నేత ఏదైనా ఉంటే బాగుంటుందని ఆమె ఆలోచన. పెట్టె అడుగున అత్తగారి చీర ఒకటుంది. నేరేడు రంగు చీర, ఆవపువ్వు రంగు అంచు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె దాన్ని మడతల్లోనే చూసింది. అత్త చేతి పని గనక ముద్దుగా దాచుకున్నారని అనుకుంది. కలరా ఉండల వాసన పోవాలని దాన్ని విప్పి, వాకిట్లో దండెం మీద ఆరేసింది.

ఎండ చీర వెనక నుంచి వచ్చింది. మంచం మీద పడుకున్న ఉమ ఆ చీర వంక చూస్తూ మెల్లగా లేచి కూర్చుంది.

నేసేవాళ్లు మగ్గం దిగిపోతే పడుగు, అంటే నిలువు పోగుల, బిగువు మారుతుంది. తిరిగి వచ్చి మొదటి పోగు కొట్టిన చోట సన్నటి గీత పడుతుంది. కట్టుకునేవాళ్లకు అది కనబడదు. నేసేవాళ్లకు కనబడకుండా ఉండదు. మంచి పనివాళ్లు రోజంతా కదలకుండా నేస్తారు గనక చీర మొత్తానికి అట్లాంటివి ఏ ఐదో ఆరో ఉంటాయి.

ఈ చీరలో నాలుగు వేళ్లకొక గీత ఉంది. నాలుగు వేళ్లు, ఒక గీత. మళ్లీ నాలుగు వేళ్లు, ఒక గీత. కొంగు నుంచి కింది దాకా అంతే.

"అమ్మా, గీ చీర ఎవరు నేసిన్రు?"

"మీ జేజి," అంది విజయమ్మ. "మీ నాయిన తల్లి. నువ్వు పుట్టకముందే పోయింది."

కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి పెంటయ్య గొంతు వినబడింది. "ఆ చీర ఎందుకు తీసినవ్? లోపట పెట్టు."

విజయమ్మ పెట్టలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతు ఆమె ఎరగదు. అది కోపపు గొంతు కాదు.

దుకాణం నుంచి అన్నానికి వచ్చిన రంజిత్ కూడా దండెం దగ్గర నిలబడిపోయాడు. ఉమ గోడ పట్టుకుంటూ వచ్చి చీర మీద చెయ్యి ఆనించింది. గీతకూ గీతకూ మధ్య ఆమె నాలుగు వేళ్లు సరిగ్గా పట్టాయి.

"అన్నా, మనం దినాం అరగంటల ఎంత నేస్తున్నం?"

రంజిత్ తన నాలుగు వేళ్ల వంక చూసుకుని తండ్రి వైపు తిరిగాడు. జేజికి ఏమైందో చెప్పమన్నాడు. వయసుపైబడి పోయిందన్నాడు పెంటయ్య. ఎంత వయసుకని రంజిత్ అడిగాడు. పెంటయ్య వేళ్లు మడిచి, నలభై ఉంటదేమో అన్నాడు. ఆ తరువాత ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

పెంటయ్యకు పదిహేడేళ్లప్పుడు తల్లి జమ్ములమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయింది గానీ మనిషి తేరుకోలేదు. చూడటానికి బాగానే ఉండేది. ఒక రోజు నీళ్లు మోస్తే నాలుగు రోజులు పడుకునేది. వీధి వీధంతా ఆమెకు మంచం జమ్ములమ్మ అని పేరు పెట్టింది. రోజుకు అరగంట మగ్గం ఎక్కేది. పక్కన అంచు చూసే కొడుకు అప్పుడప్పుడే ఊపు అందుకుంటుంటే, చాలు నాయినా అని దిగిపోయేది. పెంటయ్యకు తిక్క రేగేది.

"మగ్గం మీంచి చీర దిగినంక షావుకారికి తీస్కపోయినం," అన్నాడు పెంటయ్య. ఇప్పుడతను కొడుకునూ కూతురినీ చూడటం లేదు, దండెం మీది చీరను చూస్తున్నాడు. "ఆయన ఎండకు పట్టి చూసిండు. ఇన్ని గీతలేంది, ఎవరి చెయ్యి గిది అని అడిగిండు. నాకు పందొమ్మిదేండ్లు. నా పేరు పోతదని భయమైంది. మా అమ్మది, ఆమెకు ఒళ్లు వంగదు అన్న. అమ్మ పక్కనే నిలబడ్డది."

"జేజి ఏమన్నది?" అంది ఉమ.

"ఏమనలె. చీర మడత పెట్టుకొని ఇంటికొచ్చింది."

 ఈ కథ చెప్తున్న నాకు పెంటయ్య మీద కోపం ఉంది, దాచుకోను. కానీ నలభై ఏళ్లు ఆ ఒక్క మాటను పెట్టె అడుగున పెట్టుకుని బతికిన మనిషిని చూస్తే జాలి కూడా వేస్తుంది.

పెంటయ్య గుంటలోంచి పైకి వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని వెనక గదిలోకి నడిచాడు. పిల్లల అరగంట నేత మొదలయ్యాక అతను ఆ గదిలోకి పోవడం అదే మొదటిసారి. పాత మగ్గం మీద కూతురి నేతను వంగి చూశాడు, వేళ్లు ఆనించి కొలిచాడు. బయటికి వచ్చి తల్లి చీర మీద అదే చెయ్యి పెట్టాడు. డాక్టర్ల కాగితాలు అతను చదవలేడు. గుడ్డను మాత్రం అతనికంటే బాగా చదివేవాళ్లు ఆ వీధిలో లేరు.

గీతలు లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది. డెబ్బై ఎనిమిది.

ఇద్దరు కూర్చుంటే వారానికి దిగే చీర. దాన్ని రోజుకు నాలుగు వేళ్ల చొప్పున డెబ్బై ఎనిమిది రోజులు నేసింది జమ్ములమ్మ. ఒంట్లో సత్తువ లేదు, రోగానికి పేరు లేదు, ఆగమని చెప్పే డాక్టరమ్మ లేదు. వీధి నవ్వుతోంది, కొడుకు విసుక్కుంటున్నాడు. ఏ చదువూ లేని ఆ మనిషి ఎక్కడ ఆగాలో తనంతట తాను కనిపెట్టుకుని చీర ముగించింది. పరుగున నేసినవాళ్లను చాలామందిని మెచ్చుకున్నాం. ఆగి ఆగి ముగించిన ఈ తల్లికి నేనైతే రెండు చేతులా దండం పెడతాను.

"గట్లయితే గిది మన రక్తంలనే ఉన్నదా?" అన్నాడు రంజిత్. తరువాత అసలు అడగాలనుకున్నది అడిగాడు. "రేపు నా పిల్లలకు గూడ వస్తదా?"

 ఉమకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. కానీ అన్న అడగడంలో తప్పు లేదని కూడా ఆమెకు తెలుసు.

"డాక్టరమ్మను అడిగిన నేను," అంది ఉమ. "తల్లి నుంచి బిడ్డకు రాసిపెట్టినట్టు వచ్చేది కాదట. విదేశంల గీ రోగమున్న వేలమంది ఉమ్మి తీసుకొని చూసిన్రట. జన్యువులల్ల ఎనిమిది చోట్ల జర తేడా కనబడ్డదట. ఒక్కటే జన్యువు పని కాదు. దగ్గరోళ్లల్ల ఉంటే జర ఎక్కువ అవకాశం, అంతనే. ఎవరికి వస్తదని చెప్పే పరీక్ష ఇంకా లేదన్నది."

రంజిత్‌కు ఇంకా అర్థం కాలేదని ఆమెకు తెలిసింది.

"పడుగుల నాలుగు పోగులు పలచగ ఉన్నయనుకో. చీర మంచిగనే దిగుతది. ఎప్పుడన్న గట్టిగ గుంజినప్పుడే అక్కడ తెగుతది. నాకు డెంగీ గుంజింది. జేజికి టైఫాయిడ్. నువ్వు గూడ అదే పడుగు, అన్నా. నీకేమన్న అయిందా?"

"ఈ చీర చూసి జేజికి గూడ గదే ఉండె అంటున్నవా?"

"చీర పరీక్ష గాదు. జేజికి ఉన్నది ఇదో కాదో నేను చెప్పలేను. డాక్టరమ్మ అడిగినదానికి జవాబు మాత్రం గీ చీరలనే ఉన్నది."

రంజిత్ మాత్రం ఈ సంగతి గోవిందు మామకు ముందే చెప్పేద్దామన్నాడు. దాచి పెళ్లి చేసుకుంటే రేణుక ముఖం ఎట్లా చూడాలన్నాడు. పెంటయ్య ఒప్పుకోలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నాడు. రక్తంలో ఏదో ఉందని ఒక్కసారి బయటికి పోతే ఎనిమిది చోట్లా పది చోట్లా అని ఎవరూ వినరు, ఆ ఇంటికి పిల్లనియ్యొద్దు అని మాత్రమే వింటారు అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే తండ్రీకొడుకులు పొద్దు గూకేదాకా అరుచుకున్నా తగవు తెగలేదు. చీర తిరిగి పెట్టెలోకి పోయింది. ఈసారి పెంటయ్యే మడత పెట్టాడు. మడత పెడుతూ పెడుతూ చాలాసేపు ఒళ్లో ఉంచుకున్నాడు.

ఆదివారం పొద్దున విజయమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసేసరికి ఉమ మంచం మీద లేదు. తలస్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని, తండ్రి మగ్గం పక్కన అంచు దగ్గర కూర్చుని ఉంది.

"లే బిడ్డా, నీకేమన్న పిచ్చా?" అంది విజయమ్మ.

"ఒక్క పూటనే గదమ్మా. అన్న కోసం."

ఎవరు చెప్పినా వినలేదు. నిన్న కూర్చోనన్న పిల్ల ఇవాళ లేవనంది. రంజిత్ చెయ్యి పట్టుకుని లేపబోతే విడిపించుకుంది. నీ పెళ్లి నా వల్ల ఆగితే ఈ మంచం మీద నేను ఒక్క దినం గూడ పండలేను అంది. అంతలో వాకిట్లో ఆటో ఆగింది.

గోవిందు, ఆయన భార్య, వెనకాల రేణుక దిగారు. రేణుక వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె వాకిట్లో బల్ల మీద కూర్చుంది. గోవిందు మంచినీళ్లు తాగి, అనుకున్నట్టే నేరుగా మగ్గం దగ్గరికి వచ్చాడు. వనపర్తిలో చీరల దుకాణం పెట్టకముందు ఆయనా ఇరవై ఏళ్లు నేసినవాడే.

పెంటయ్య నడుమ కూర్చుని అడ్డపోగు తెచ్చే నాడె అందుకున్నాడు. పోగును బిగించే పలక ఆడింది. ఉమ వేళ్లు పట్టు పోగును నూలు పోగుతో మెలేస్తున్నాయి. రెండేళ్లుగా ఆ చోటికి దూరమైన చెయ్యి అంటే ఎవరూ నమ్మరు. అంచు గీత గీసినట్టు వస్తోంది. గోవిందు ముఖంలో మెచ్చుకోలు కనబడింది. భార్యతో ఏదో మెల్లగా అన్నాడు, ఆమె తల ఊపింది. విన్నదంతా ఉత్త మాటేనని వాళ్లకు అనిపించినట్టుంది.

పెంటయ్య కోరుకున్నది అదే. కళ్ల ముందు నెరవేరుతోంది. అయినా అతని కళ్లు గోవిందును చూడటం లేదు, గోడ గడియారాన్ని చూస్తున్నాయి. ఉమ పై పెదవి మీద చెమట పట్టింది. ఆమె అది తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ఎత్తకపోవడం ఎందుకో పెంటయ్యకు తెలుసు.

నాలుగు వేళ్ల గుడ్డ దిగింది. పెంటయ్య పలక ఆపాడు.

"లే బిడ్డా," అన్నాడు. "అరగంటయింది."

ఉమ కదలలేదు. తండ్రి మాట తనకే సరిగా వినబడలేదేమో అనుకుంది.

"చాలు. లేచి పండుకో."

విజయమ్మ వచ్చి కూతుర్ని నడుం పట్టి లేపి మంచం మీదికి చేర్చింది. గోవిందు ఆ నడకను చివరిదాకా చూశాడు. అంచు అంత మంచిగా వస్తుంటే మధ్యలో ఎందుకు లేపినవు బావా అని అడిగాడు. గొంతు మెత్తగానే ఉంది గానీ ముఖంలో ఇందాకటి మెచ్చుకోలు లేదు.

పెంటయ్య లోపలికి పోయి పెట్టె తెరిచాడు. నేరేడు రంగు చీర తెచ్చి గోవిందు చేతుల్లో పెట్టాడు.

గోవిందు దాన్ని విప్పి, అలవాటు కొద్దీ ఎండకు పట్టాడు. ఒక గీత దగ్గర ఆయన వేలు ఆగింది. తరువాత రెండో గీత దగ్గర, మూడో దాని దగ్గర. ఇన్ని గీతలున్న చీర ఆయన చేతికి ఎప్పుడూ వచ్చి ఉండదు.

"ఎవరి చెయ్యి గిది?"

నలభై ఏళ్ల కిందట షావుకారు అడిగిన మాట అదే. పెంటయ్య తల ఎత్తాడు.

"మా అమ్మది. డెబ్బై ఎనిమిది దినాలు నేసింది. ఒంట్ల శాతగాకపోయినా నేసింది. ఒళ్లు వంగదని అప్పట్ల నేను అబద్ధం చెప్పిన." ఒకసారి ఊపిరి తీసుకుని, మంచం వైపు చూపించాడు. "నా బిడ్డకు గూడ అదే ఉన్నట్టుంది బావా. మా రక్తంల ఉన్నదేమో, తెల్వదు. ఉన్నా గిసుంటి చేతులు గూడ ఆ రక్తంలకెల్లే వచ్చినయ్."

 రంజిత్ గోడకు ఆనుకుని తండ్రినే చూస్తున్నాడు. మంచం మీద ఉమ కళ్లు మూసుకుంది. కానీ నిద్రపోలేదు, రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల దాకా జారుతున్నాయి. గోవిందు భార్య భర్త మోచెయ్యి పట్టుకుని, ఇక పోదామన్నట్టు వాకిలి వైపు చూసింది.

గోవిందు కదలలేదు. చీరను కొంగు నుంచి కింది దాకా మెల్లగా చేతుల్లోంచి జార్చుకుంటూ చూశాడు. చివరికి వచ్చాక దాన్ని మడత పెట్టలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

"రేణుకా," అని వాకిలి వైపు తిరిగి పిలిచాడు. "జర లోపటికి రా. గిది నువ్వే చూడాలె. చూసి నువ్వే చెప్పాలె."

రేణుక బల్ల మీద నుంచి లేచి, గడప దగ్గర చెప్పులు విడిచింది.